అచ్చులో చెమ్మ

మా లుక్కా ఊళ్లో కంచు పోతపోసే బెంచివెన్నికి కోపం ఎప్పుడూ ముక్కుమీదే. ఆ ఏడు అది నెత్తికెక్కింది. శిలువ మీద ఉంచడానికి పోస్తున్న క్రీస్తు విగ్రహం రెండుసార్లు చెడిపోయింది. మట్టి అచ్చు పగలగొట్టి చూస్తే ఒళ్లంతా నున్నగా ఉండేది, ముఖం మాత్రం మశూచి సోకినట్టు గుంటలు. అచ్చుకోసం మట్టి మెత్తే మైనపు బొమ్మేమో అచ్చు కాల్చినప్పుడే కరిగిపోతుంది. అందుకని నెలల తరబడి దిద్దిన ముఖాన్ని మైనంలో మళ్లీ మొదటినుంచి దిద్దాల్సిందే.

"ఇంకోసారి చెడిందంటే పని పక్కూరు పీసా వాడికి ఇచ్చేస్తాం," అనేశాడు గుడి గురువు రుస్తికో.

పీసా వాడికా! అంతకంటే కొలిమిలో దూకడం నయం. బెంచివెన్ని కట్టెల్ని తిట్టాడు, మట్టిని తిట్టాడు, చివరికి పనివాళ్ల మీద పడ్డాడు.

"అచ్చు సరిగ్గా ఆరబెట్టలేదురా, మీ మొహాలు మండ!"

"నీ ఎదురుగానే కాల్చాం కదయ్యా. ఇంకా కాలిస్తే ఇటుకే."

మూడోసారి కంచు కరుగుతుండగా అచ్చు పూడ్చిన గుంట దగ్గరికి వెళ్లాడు. అచ్చును తలకిందులుగా పాతుతారు. పైన కంచు పోసే దాని మూతిలోకి ముంతతో నీళ్లు వంపుతూ కనబడింది తల్లి ఎర్మెలీనా.

"అమ్మా! ఏం చేస్తున్నావ్!"

"అరవకురా. గుడిలోంచి తెచ్చిన పవిత్ర జలం. పోయినసార్లు కాసినే పోశాను, చాల్లేదేమోనని ఈసారి ముంత నిండా తెచ్చా."

"నా కొంప ముంచింది నువ్వా! నీళ్లన్నీ తలలోకే దిగుతాయి. ఆ చెమ్మ మీద కంచు పడితే ఆవిరి పొంగి చిల్లులు పడవూ? పాడు చెయ్యమ్మా నీది, ముట్టుకున్నదల్లా నాశనమే!"

పనివాళ్లందరూ విన్నారు. ఆవిడ ముంత అక్కడే పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

అచ్చు పైకి తీసి, మళ్లీ కాల్చి, ఆరబెట్టి పోశాడు. ఈసారి క్రీస్తు ముఖాన ఒక్క మచ్చ లేదు. శిలువ పండగనాడు ఊరంతా గుడికి కదిలింది. గుమ్మం పక్కన రాతితొట్టిలో పవిత్ర జలం ఉంటుంది. వచ్చినవాళ్లు అందులో వేళ్లు ముంచి, నుదుట శిలువ గుర్తు వేసుకుని లోపలికి వెళ్తున్నారు. ఎర్మెలీనా మాత్రం తొట్టివైపు చూడకుండా పక్కకు జరిగి నడిచింది.

బెంచివెన్నికి ఒళ్లు మండింది, తనమీద తనకే. వెనకే వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. "రా అమ్మా, వేళ్లు ముంచు."

ఆవిడ చెయ్యి విడిపించుకుని ముసుగులో దాచుకుంది.

"వద్దులే నాయనా. పండగపూట ఊరందరి నీళ్లూ పాడైపోతాయి."