దుబాసీ అక్కయ్య

పోయిన నెల ఒక ఉదయం బావగారు ఫోన్ చేసి, "మీ అక్కయ్య ఇక లేదమ్మా" అన్నారు. నిద్రలోనే పోయిందట. నేను ఆటో ఎక్కి గుణదల చేరేసరికి వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పడుకోబెట్టి ఉంచారు. ముఖానికి పసుపు రాసి, రూపాయి కాసంత బొట్టు పెట్టి, తల నిండా పూలు తురిమారు. వచ్చిన ఆడవాళ్ళందరిదీ ఒకటే మాట. "అదృష్టవంతురాలమ్మా, పునిస్త్రీగా దాటిపోయింది." మా ఆయన పోయిన దగ్గర్నుంచి పేరంటాల పిలుపులు తగ్గిపోయిన నేను, ఆ మాటలన్నీ పక్కనే నిలబడి విన్నాను. ఏడుస్తూనే లోపల అనుకున్నాను, ఇందులోనూ ఈవిడదే పైచేయి అని.

పోయినవాళ్ళ గురించి ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ ఆవిడ నాకు తోడికోడలు. ఆవిడ గురించి రాయాలంటే నా కుళ్ళు కూడా రాయాలి. అది తీసేసి రాస్తే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి సంతాపం చెప్పినట్టుంటుంది.

ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని. నేను స్కూల్లో హిందీ టీచర్ని. ఆవిడ రష్యన్ దుబాసీ. ఒకప్పుడు విజయవాడలో రష్యా పుస్తకాలు చవగ్గా దొరికేవి, మా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు. మేమంతా ఆ కాగితాలు చించి నోటుబుక్కులకి అట్టలు వేసుకున్నాం. ఆవిడ మాత్రం గవర్నర్‌పేటలో ఒక మేడ మీద సాయంకాలాలు చెప్పే రష్యన్ క్లాసుకు వెళ్ళి ఆ భాష నేర్చుకుంది. తర్వాత హైదరాబాద్ వెళ్ళి పెద్ద చదువే చదివింది. అణుశక్తితో నడిచే జలాంతర్గాములు మనమే కట్టుకోవాలని మనవాళ్ళు పూనుకున్నప్పుడు, సాయానికి రష్యా నిపుణులు విశాఖ వచ్చారు. వాళ్ళకి ఇంగ్లీషు అంతంత మాత్రం. మనవాళ్ళకి రష్యన్ అసలే రాదు. ఆ రెండు గుంపుల మధ్య కుర్చీ వేసుకుని కూర్చునే ఉద్యోగం మా అక్కయ్యది.

నా హిందీతో పదో తరగతి పిల్లలు గట్టెక్కేవారు. ఆవిడ రష్యన్‌తో జలాంతర్గాములు నీళ్ళలోకి దిగేవి. ఇక పోలికేముంది చెప్పండి?

అత్తయ్య సత్యనారాయణపురంలో మా దగ్గరే ఉండేవారు. పొద్దున కాఫీ దగ్గర్నుంచి పడుకోబోయే ముందు మోకాళ్ళకి తైలం రాసేదాకా అన్నీ నేనే. వీధిలో గొప్పలు మాత్రం పెద్దకోడలి గురించి. "మా పెద్దది లేకపోతే ఆ రష్యా వాళ్ళు ఒక్క మేకు కొట్టలేరు" అనేవారు. అక్కయ్య పండక్కి వచ్చినప్పుడల్లా బతిమాలేది. "అత్తయ్యా, మా పని గురించి బయట ఎక్కడా అనకూడదండీ."

"నేనెవరికి చెప్పానే? పాలబ్బాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు" అనేవారు అత్తయ్య.

మా పాలబ్బాయికి చెబితే ఇక పేపర్లో వేయించనక్కర్లేదు.

నిజానికి అత్తయ్యకీ ఏమీ తెలియదు, మాకూ ఏమీ తెలియదు. "ఇన్నాళ్ళూ ఏం చేశావక్కయ్యా అక్కడ?" అంటే "మాట్లాడాను" అనేది. ఏం మాట్లాడావు అని అడిగితే, "నేనేం మాట్లాడతాను చెల్లీ, వాళ్ళే మాట్లాడారు. నోరు నాది, మాట వాళ్ళది" అనేది. అది వింటే నాకు ఒళ్ళు మండేది. రోజంతా క్లాసులో అరిచి గొంతు బొంగురుపోయి వచ్చి నేను చెప్పే కబుర్లు ఇంట్లో ఎవరూ వినేవారు కాదు. ఏమీ చెప్పని ఆవిడ చుట్టూ మాత్రం అందరూ చేరేవారు.

మొదటి జలాంతర్గామి నీళ్ళలోకి దిగిందని టీవీలో చెప్పిన రోజు అత్తయ్య అన్నం కూడా తినకుండా దాని ముందు కూర్చున్నారు. పెద్దవాళ్ళు, మిలిటరీ వాళ్ళు, కొబ్బరికాయ, దండలు, అన్నీ చూపించారు. అక్కయ్య ఎక్కడా కనపడలేదు. "మన పిల్ల ఏదే?" అన్నారు అత్తయ్య. నాకు లోపల ఎంత హాయిగా ఉందో! "చూపించరు అత్తయ్యా, ఇలాంటి చోట దుబాసీలని ఎవరు చూపిస్తారు?" అన్నాను. అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "లోపలుండి మాట్లాడుతోందేమోలే" అన్నారు. ఆ తర్వాత కడుపునిండా అన్నం తిన్నారు.

ఒకసారి అక్కయ్య ఒక రష్యన్ ఇంజనీరు భార్యని వెంటబెట్టుకుని వచ్చింది. దుర్గ గుడి చూపించి, మా ఇంట్లో భోజనం. నేను తెల్లవారుజామునే లేచి గుత్తి వంకాయ, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పులిహోర చేశాను. ఆ తెల్లావిడ గోంగూర ముద్ద నోట్లో పెట్టుకుంది. ముఖం ఎర్రగా కందిపోయింది. ఏదో అంది. మేమందరం అక్కయ్య వైపు చూశాం.

"రుచి తెలియడం లేదట చెల్లీ, కారమే తెలుస్తోందట" అంది అక్కయ్య.

అత్తయ్య పగలబడి నవ్వారు. నేను అక్కయ్యని వంటింట్లోకి లాక్కెళ్ళి నిలదీశాను. "బాగుందంటోంది అని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది?"

"ఆవిడ అనలేదుగా."

"అనకపోతే? ఇంట్లో కూడా ఉద్యోగమేనా?"

"ఇవాళ ఇక్కడ ఒక మాట తియ్యగా మార్చి చెబితే, రేపు అక్కడ కూడా చెప్పబుద్ధేస్తుంది. అక్కడ మనుషులు నీళ్ళ కిందికి దిగుతారు చెల్లీ."

ఆవిడతో ఎప్పుడూ అదే చిక్కు. కోపం నాకుండేది, న్యాయం ఆవిడ వైపు ఉండేది. తెల్లావిడకి పెరుగన్నం కలిపి పెట్టి పంపించాను.

అక్కయ్య అలవాట్లు కూడా అలాంటివే. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం, గొంతు కోసం. ఎదుటివాళ్ళ వాక్యం పూర్తయ్యేదాకా నోరు విప్పేది కాదు. మా ఇంట్లో ఒకరి మాట మీద ఒకరం పడి మాట్లాడటం మామూలు. ఆవిడ మాత్రం అందరివీ అయ్యేదాకా ఆగేది. ఇంత ఓపిక ఈవిడకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని దానిక్కూడా ఏడ్చేదాన్ని.

రిటైరయ్యాక అక్కయ్యా బావగారూ గుణదలలో ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశారు. అక్కయ్య వారానికోసారి వచ్చి మా వరండాలో కూర్చుని పేపర్ చదివేది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి అణు జలాంతర్గాములు కట్టుకోబోతున్నాయన్న వార్త వచ్చినప్పుడు నేను ఊరుకోలేదు. "వాళ్ళకి నీలాంటి వాళ్ళతో పనే లేదక్కయ్యా. ముగ్గురిదీ ఇంగ్లీషేగా" అన్నాను. కాస్త గుచ్చుకోవాలనే అన్నాను. ఆవిడ లవంగాన్ని ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి మార్చుకుని, "ఒకే భాష అయితే మరీ కష్టం. అర్థమైపోయిందనుకుంటారు" అని మళ్ళీ పేపర్లో తల దూర్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. నోరు పక్కకి పోయి మాట ముద్దయిపోయింది. స్నానం, పాలు, పక్క మార్చడం, అన్నీ నేనే చూసేదాన్ని. కానీ ఏమంటున్నారో నాకు అంతుపట్టేది కాదు. మంచినీళ్ళు అడిగితే దుప్పటి కప్పేదాన్ని. ఆవిడ విసుక్కునేవారు, నేను వంటింట్లో ఏడ్చేదాన్ని. అక్కయ్య వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. రెండు మూడు రోజులు ఊరికే వింది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. కిటికీ వెయ్యమంటున్నారు. పప్పులో ఇంగువ ఎక్కువైందంటున్నారు. నోట్లో ముద్ద పెట్టేది నేను, నోట్లో మాట అందేది ఆవిడకి! ఎంత మండుతుందో మీరే చెప్పండి. రష్యా వాళ్ళకీ మనవాళ్ళకీ మధ్య కూర్చుందంటే సరే. నాకూ మా అత్తయ్యకీ మధ్య కూడా కుర్చీ వేసుకోవాలా?

అత్తయ్య పోవడానికి కొద్దిరోజుల ముందు ఒక మధ్యాహ్నం, నేను ఆ గదిలో దిండు గలీబులు మారుస్తున్నాను. అత్తయ్య నావైపే చూస్తూ ఏదో అన్నారు, కాస్త పొడుగ్గానే. నేను అక్కయ్య వైపు చూశాను.

"నీ తర్వాతే ఎవరైనా అంటున్నారు చెల్లీ" అంది.

నా చెవులని నేను నమ్మలేదు. "ఏంటీ?" అన్నాను.

"నీ తర్వాతే ఎవరైనా అంటున్నారు" అని అదే గొంతుతో ఇంకోసారి చెప్పింది.

ఇన్నేళ్ళ కాపురంలో అత్తయ్య నుంచి నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. అదీ పెద్దకోడలి నోటి మీదుగా! తనకన్నా నేనే ఎక్కువని తనే చెప్పాల్సి వచ్చింది పాపం. అది నాకు మరీ తీపి. వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, నవ్వాను కూడా. ఆ తర్వాత ఏ పెళ్ళిలోనైనా చుట్టాలంతా ఆవిడ చుట్టూ చేరి రష్యా కబుర్లు అడుగుతుంటే, నేను ఓ పక్కన కూర్చుని ఆ మాట తలుచుకునేదాన్ని. మా ఆయన పోయిన రోజుల్లోనూ దాన్ని పట్టుకునే లేచి తిరిగాను. అక్కయ్య ఏనాడూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎలా ఎత్తుతుందిలే అనుకునేదాన్ని.

ఆవిడ పెద్దకర్మకి విశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అక్కయ్యతో కలిసి పనిచేసి రిటైరైన ఇంజనీరు. భోజనాలయ్యాక ఫ్యాను కింద కూర్చుని, "పని సంగతులు చెప్పకూడదమ్మా, మేడమ్ సంగతి చెప్తాను" అన్నారు.

"ఒక మీటింగులో మావాడొకాయన 'ఇంకా సిద్ధం కాలేదు' అనేసి, 'మేడమ్‌గారూ, దాన్ని దాదాపు సిద్ధం అని చెప్పండి' అన్నాడు. మేడమ్ ఏం చేశారో తెలుసా? సిద్ధం కాలేదనీ చెప్పారు, దాదాపు సిద్ధం అని చెప్పమన్నాడనీ చెప్పారు. రష్యా వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచి అటూ ఇటూ ఎవరూ మాట దాచలేదమ్మా."

నేనూ నవ్వాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ అందుకున్నారు.

"ఆవిడదొక పద్ధతి ఉండేది. ఎవరేం చెప్పినా, ముందు వాళ్ళ భాషలోనే వాళ్ళకి తిరిగి చెప్పేవారు, మీరన్నది ఇదేగా అని. వాళ్ళు తల ఊపాకే అవతలివాళ్ళకి చెప్పేవారు. ఆలస్యమవుతోందని మేం విసుక్కునేవాళ్ళం, పైవాళ్ళు కూడా అన్నారు. ఆవిడ వినలేదు. తల ఊపించుకోకుండా ఒక్క మాట దాటించలేదమ్మా, ఒక్కనాడు కూడా."

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. నాకు ఏమీ వినపడలేదు.

అత్తయ్య దగ్గర కూడా అక్కయ్య అలాగే చేసేది. "కిటికీ వెయ్యమంటున్నారా అత్తయ్యా?" అని అడిగి, అత్తయ్య తల ఊపాకే నావైపు తిరిగేది. ఇంగువకీ అంతే, దుప్పటికీ అంతే. ఈ తతంగమంతా నా ముందు గొప్ప చూపించడానికే అనుకునేదాన్ని. మరి ఆ మధ్యాహ్నం అడిగిందా? ఎంత తలుచుకున్నా అడిగినట్టు గుర్తు రావడం లేదు. సరాసరి నావైపు తిరిగి చెప్పేసింది.

బావగారిని కదిలించి చూశాను. "నాకెక్కడ చెప్పేదమ్మా? ఏ గదిలో మాట ఆ గదిలోనే వదిలేసి వచ్చేది" అన్నారు.

అది అత్తయ్య అన్న మాటే అయితే నేను గెలిచినట్టే. కాకపోతే? నా గోంగూర బాగుందని ఒక్క ముక్క కలపలేని మనిషి, నా కోసం, తనని తను తగ్గించుకుని, ఆ మాట కలిపిందన్నమాట. అప్పుడు ఇన్నేళ్ళూ నేను గుండెలో పెట్టుకున్నది అత్తయ్య ప్రేమ కాదు, ఆవిడది. ఎంత గొప్పదో అంత మండుతోంది నాకు. ఆవిడకి దణ్ణం పెట్టాలో, పోట్లాడాలో తెలియడం లేదు. అడుగుదామంటే మనిషి లేదు. ఉన్నా చెప్పదు.

ఇప్పుడు మధ్యాహ్నం నడుం వాల్చితే చాలు, ఆ గదే కళ్ళ ముందుకు వస్తోంది. నా చేతిలో సగం తొడిగిన గలీబు. రెండోసారి చెప్పేసి అక్కయ్య అటు తిరిగింది, అత్తయ్య మూతి తుడవడానికి మంచం మీదికి వంగింది. నీలం మంగళగిరి చీర, చెమటకి జాకెట్టు వీపున అతుక్కుపోయి ఉంది. అత్తయ్య ముఖం ఆ వీపు వెనకాల ఉంది. ఒక్క అడుగు పక్కకి వేస్తే, ఆ తల ఊగిందో లేదో నాకు కనిపించేది. వెయ్యలేదు. అక్కయ్య అలా వంగే ఉంది, చాలాసేపు, మెల్లగా తుడుస్తూ.