అత్తమ్మ చేతుల తరాజు

మేక ఈనితే మా అత్తమ్మ చేసే మొదటి పని పిల్లల్ని రెండు అరచేతుల్లో ఎత్తుకోవడం. ఇంకా తడి ఆరకముందే, కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడేది. "సరి" అందంటే తల్లీ పిల్లలూ మందలో ఉంటాయి. "తేడా ఉంది" అందంటే ఆ తల్లి పని అయిపోయినట్టే. పిల్లలు పాలు మరవగానే సంతకు పోవాల్సిందే. పిల్లల్లో పోతు ఉంటే అమ్మవారి మొక్కుకు.

ములకలపల్లి దగ్గర అడవి అంచున మా ఊరు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఈ తంతు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా నోరు అసలే ఊరుకోదు. ఏ పాపం చేసిందని ఆ మేకను తోలేస్తున్నావని అడిగేశాను.

"అడవిల మేపేది నువ్వా నేనా?" అంది. "పెద్దది పాలన్నీ తాగుతది. చిన్నదానికి చుక్క దొరకదు. మంద ఉరికితే గదే ఎనకబడతది, నక్క గుంజుకపోతది."

"మరి తల్లేం చేసింది అత్తమ్మా?"

"తల్లి మల్లా గట్లనే ఈంటది. దాని బిడ్డలూ గట్లనే ఈంటయ్. నేనొచ్చిన కొత్తల ఈ మందను సూడాల్సింది నువ్వు. సగం పిల్లలు మట్టిల కలిసేటియి."

అబద్ధం కాదు. నేను వచ్చేనాటికి మా దొడ్డిలో పిల్ల చావడం అరుదు. ఏ ఈతలో చూసినా జోడు పిల్లలు ఒక్క తీరుగా ఉండేవి. మధిర వైపు నుంచి కూడా వచ్చి విత్తనానికి మా పోతుపిల్లల్ని తీసుకుపోయేవారు. అయినా సంతకు తోలిన మేక వెనక్కి తిరిగి అరుస్తుంటే నేను ఇంట్లోకి పోయి తలుపేసుకునేదాన్ని.

తర్వాత నాకు కడుపొచ్చింది. భద్రాచలంలో స్కానింగ్ తీసి కవలలన్నారు. సంబరపడేలోపే, ఒక బిడ్డ బాగా చిన్నగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. పక్కనే ఉన్న అత్తమ్మ విన్నది. ఇంటికొచ్చే ఆటోలో ఒడిలో పెట్టుకున్న ఆమె చేతుల్ని చూస్తే భయమేసింది. నా బిడ్డల్నీ అలాగే ఎత్తి "తేడా ఉంది" అంటే? అననీ, జన్మలో ఆమె ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది పుట్టగానే దవాఖానా ఎగిరిపోయేలా ఏడ్చింది. చిన్నదాన్ని గాజుపెట్టెలో పెట్టారు. ఇంటికి పంపే రోజున, చిన్నదాన్ని ఎప్పుడూ ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలని చెబుతూ నర్సు ఇద్దర్నీ తెచ్చి అత్తమ్మ చేతుల్లో పెట్టింది. కుడిచేతిలో పెద్దది, ఎడమచేతిలో చిన్నది. నేను మంచం మీద నుంచి ఆమె కళ్ళనే చూస్తున్నాను.

ఆమె కళ్ళు మూసుకోలేదు. పెద్దదాన్ని నా ఒడిలో పెట్టేసి, చిన్నదాన్ని రవికలోకి దోపుకుంది.

"పాలు ముందుగాల దీనికే," అంది. "పెద్దది ఏడిస్తే ఏడ్వనియ్."

ఆ రోజు నుంచి అత్తమ్మ అడవికి పోలేదు. మందను మా ఆయనకు అప్పజెప్పింది. చిన్నది ఆమె గుండెల మీదే పడుకునేది. నేను పాలు పిండి ఇస్తే ఉగ్గుగిన్నెతో ఆమే పట్టేది. కాళ్ళకు కాస్త కండ పట్టిందని మురిసిపోయేది కూడా. ఇంతలో వానలు పట్టుకున్నాయి. చిన్నదానికి జలుబు చేసి ఊపిరి ఎగబోయసాగింది. ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. గేటు దగ్గర దిగేసరికి అత్తమ్మ రవికలో కదలిక లేదు. డాక్టరమ్మ చేతులు చాస్తే ఇవ్వలేదు. "పండుకుంది, లేపకుండ్రి," అంది.

చలికాలంలో మేకలు ఈనసాగాయి. అత్తమ్మ ఎత్తి చూడటం, "తేడా ఉంది" అనడం. మళ్ళీ ఇంకొకటి ఈనడం, మళ్ళీ అదే మాట. మంచి మంచి తల్లులు సంతదారి పట్టాయి. పిల్లలు ఒక్క తీరుగానే ఉన్నాయి కదే అమ్మా అని మా ఆయన గొణిగాడు గానీ, ఆమె చేతుల్ని కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికుంది? దొడ్డి సగం ఖాళీ అయింది.

మొన్న మా పాత నల్లమేక ఈనింది. ఎన్నో ఈతలుగా సరి తప్పనిది. అత్తమ్మ పిల్లల్ని ఎత్తి, వెంటనే దించేసింది.

"ఓ పిల్లా, నువ్వెత్తు."

"నాకేం తెలుసు అత్తమ్మా?"

"ఎడమచేతిల ఏది పెట్టినా తక్కువనే అనిపిస్తంది," అని ఆ చెయ్యి కొంగులో దాచుకుంది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

నేను కళ్ళు మూసుకుని ఎత్తాను. రెండు చేతులూ ఒక్క ఎత్తులో నిలిచాయి. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. ఇంట్లో నా పెద్దది పాలకు ఏడుస్తోంది, ఒక్కతే. పిల్లల్ని దించి, నల్లమేకను మెడతాడు పట్టుకుని దొడ్డిలోకి తీసుకుపోయి మళ్ళీ మందలోనే కట్టేశాను.