ఓబుళేసు ట్రాక్టర్‌కు సోమవారం సెలవు

2019 చలికాలం. నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మీదున్న ఒక మినీ ట్రాక్టర్ షోరూమ్‌లో నేను సర్వీస్ కోఆర్డినేటర్‌గా చేరి అప్పటికి ఐదు నెలలు. డిగ్రీ పూర్తయిన మరుసటి ఏడు వచ్చిన మొదటి ఉద్యోగం. మాది డోన్. రైలు కూతలు వింటూ పెరిగినదాన్నే తప్ప ఎద్దుల మెడలో గంటలు విన్నదాన్ని కాదు. ట్రాక్టర్ అంటే ముందు పోతూ మా కాలేజీ బస్సును ఆలస్యం చేసే బండి అని మాత్రమే తెలుసు.

మినీ ట్రాక్టర్ పెద్ద ట్రాక్టర్‌లో సగం కూడా ఉండదు. వెడల్పు తక్కువ కాబట్టి పైరు సాళ్ళ మధ్యలో పోతుంది, పశువుల కొట్టంలో గేదె పక్కన ఒదిగిపోతుంది. కారుకు కిలోమీటర్లు లెక్కపెట్టినట్టు దీనికి గంటలు లెక్కపెడతారు. అందుకోసం ముందు అవర్ మీటర్ ఉంటుంది. అది యాభై చూపించే వేళకు ఫస్ట్ సర్వీస్ చేయించాలి. కొత్త గేర్లు ఒకదానికొకటి ఒరుసుకుని సన్నటి ఇనుప పొడి రాలుస్తాయి. ఆ పొడి కలిసిన ఆయిల్ తీసేసి, లోపలి జల్లెడలు కడిగి, కొత్త ఆయిల్ పోయాలి. ఎవరి బండి ఎన్ని గంటలకు వచ్చిందో ఫోన్ చేసి కనుక్కోవడం, తేదీ ఇవ్వడం, జాబ్ కార్డు రాయడం నా పని.

పొలం ముఖం చూడకుండానే రైతుల చలికాలం నాకు ఫోన్లో తెలిసింది. పొద్దున ఎనిమిదికి షోరూమ్ తెరిచేసరికి మొదటి ఫోన్లన్నీ ఇంజన్ పట్టడం లేదనే. చలికి డీజిల్ అంటుకోదు. లోపల గ్లో ప్లగ్ అని చిన్న కడ్డీ ఉంటుంది, అది వేడెక్కాలి. తాళం సగం తిప్పి పది లెక్కపెట్టమని చెప్పేదాన్ని. "పదా? తొమ్మిదికే పట్టింది పాపా!" అని ఒకాయన గెలిచినట్టు అరిచాడు. ఆ తర్వాత వాళ్ళ రోజు మొదలయ్యేది. దిబ్బలోని ఎరువు తోలాలి. జొన్న చొప్ప ఇంటికి చేర్చాలి. వరిగడ్డి వామికి తేవాలి. శనగకు మందు కొట్టాలి. డ్రమ్ములతో నీళ్ళు మోయాలి. ఫోన్లోనే వెనక కోళ్ళు, గేదెలు, ఎవరో ఎవరినో తిట్టడం వినిపించేవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ తిట్లు కూడా బాగుంటాయి.

ఆళ్లగడ్డలో మాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. సోమవారం సోమవారం మా మెకానిక్ మాబాషా అన్న అక్కడికి పోయేవాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆ చుట్టుపక్కల రైతులు బండ్లను ఆ షెడ్డుకు తోలుకు రావాలి. అహోబిలం దారిలో లోపలికున్న ఒక ఊళ్ళో ఓబుళేసు అనే పెద్దాయన ఆ వేసవిలో ఎద్దుల జత అమ్మి మా దగ్గర బండి కొన్నాడు. నవంబర్‌లో ఆయనకు ఫోన్ చేశాను.

"సోమవారం పొద్దున పదికి బండి తీసుకొస్తారా సార్?"

"సారెవరమ్మా? నేను ఓబుళేసును. సోమారం బండి కదల్దు."

"రిపేరా?"

"రిపేరేం ల్యా. సోమారం కదల్దు, అంతే. మంగళారం వస్తా."

మంగళవారం మాబాషా అన్నకు బనగానపల్లె వైపు పని. అదే చెప్పి మరుసటి వారం మళ్ళీ సోమవారమే ఇచ్చాను. "అట్లయితే ఆ మెకానిక్ అప్పనే మా ఊరికి రమ్మను" అన్నాడు. కుదరదు, బండే షెడ్డుకు రావాలి, అది రూలు అన్నాను. మూడో వారం, "నీకి ఎన్నిసార్లు చెప్పల్ల పాపా?" అని ఫోన్ పెట్టేశాడు.

జాబ్ కార్డులో చివర రిమార్క్స్ అని ఒక గడి ఉంటుంది. అందులో ఇంగ్లీషులో మూడు మాటలు రాశాను. కస్టమర్ నాట్ ఇంట్రెస్టెడ్. రాసి తరువాతి నంబరుకు ఫోన్ చేశాను.

ఈమధ్య మా పాపకు జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పాపకు తొమ్మిది నెలలు. అక్కడి ఫైల్లో ఒక మూల మదర్ యాంక్షియస్ అని రాసి ఉంది. ఆ రెండు మాటల్నే చూస్తూ కూర్చున్నాను. రాత్రి నేను ఎన్నోసార్లు లేచి పాప ఊపిరి చూసుకునే మాట నిజమే, కానీ ఎందుకు భయమని అక్కడ నన్నెవరూ అడగలేదు. అప్పుడే ఓబుళేసు తాత గుర్తొచ్చాడు. పాప పడుకున్నాక కూర్చుని ఇది రాయడం అందుకే.

డిసెంబర్‌లో ఒక శనివారం ఆయనే ఫోన్ చేశాడు.

"పాపా, నేను ఓబుళేసు. గుంటక లేయడం ల్యా. నాలుగు దినాలాయ."

గుంటక అంటే బ్లేడు ఉన్న పనిముట్టు. సాళ్ళ మధ్య మట్టిని పైపైన గీరుతూ పోతుంది. ట్రాక్టర్ వెనక మూడు చేతులుంటాయి, గుంటకను వాటికి తగిలిస్తారు. సాలు చివర మలుపు తిరిగేటప్పుడు ఆ చేతులు గుంటకను పైకి ఎత్తాలి. దాన్ని లిఫ్ట్ అంటారు, ఆయిల్ పంపు బలంతో లేస్తుంది. లేవకపోతే మలుపులో పైరంతా తెగిపోతుంది.

"శనగ చేను నెర్రెలిస్తాంది పాపా" అన్నాడు. ఆ మాట బరువు నాకు తెలియలేదు. పక్కనున్న మాబాషా అన్న చెప్పాడు. అక్కడంతా నల్లరేగడి. చలికాలం వానలుండవు, భూమిలో దాగిన తేమ మీదే శనగ బతుకుతుంది. నేల పగిలితే ఆ తేమంతా నెర్రెల్లోంచి పోతుంది. గుంటక తోలితే నెర్రెలు పూడుతాయి. ఇంకో వారం ఆగితే కొమ్మలు సాళ్ళకు అడ్డం పాకి బండి దిగడానికి వీలుండదు. ఐదెకరాలు. ఎద్దులు అమ్మేశాడు. ఊళ్ళో ఉన్న ఒకటి రెండు జతలు ఎవరి చేలో వాళ్ళకే చాలడం లేదు.

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కార్డు తిప్పి చూశాడు. "ఫస్ట్ సర్వీస్ చేయించలేదు. ఇంట్రెస్ట్ లేదని నువ్వే రాశావు కదా? పంపు పోయుంటే వారంటీ రాదమ్మా. కొత్తది తెప్పించాలన్నా పది రోజులు."

నా చేతిరాత నాకే కొత్తగా కనిపించింది. బండే షెడ్డుకు రావాలన్న రూలు పక్కన పెట్టి, సోమవారం మాబాషా అన్నతో పాటు సర్వీస్ ఆటోలో ఆయన ఊరికి నేనూ బయలుదేరాను. శిరివెళ్ళ దాటేదాకా మంచు వదల్లేదు.

ఓబుళేసు తాత ఇంటి పక్క కొట్టంలో ట్రాక్టర్ ఉంది. శుభ్రంగా కడిగి, ముందు కుంకుమ పెట్టి, ఇంజన్ మీద గోనెపట్ట కప్పి ఉంది. వెనక గుంటక తగిలించే ఉంది. తాత బక్కపలచటి మనిషి. మమ్మల్ని చూసి ముఖం చిట్లించాడు.

"సోమారమే దొరికిందా మీకు?"

"స్టార్ట్ చేసి సూడాలప్పా" అన్నాడు మాబాషా అన్న.

"రేపు సెయ్యి."

"రేపు నేను బనగానపల్లెలో ఉంటా."

తాత భార్య సుంకులమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చాట ఆపకుండానే అందుకుంది. "సోమారం బసవన్న పొద్దు, ఎద్దు మెడ మీద కాడి పెట్టం. సరే. ఎద్దుకైతే పాణముండాది. ఈయప్ప ఇనుముగ్గూడా వారం చేస్తాండాడు! చేను సూస్తే నోరు తెరిచి ఏడుస్తాంది."

మూడు వారాలు నేను వినని సంగతి అదన్నమాట. ఎద్దులున్నప్పుడు సోమవారం వాటికి విశ్రాంతి. అవి పోయి ట్రాక్టర్ వచ్చినా ఆయన ఆ రోజు మార్చలేదు. నేను తొందరపడి, "తాతా, ఇది ఎద్దు కాదు కదా" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. "నాకి తెలీదా పాపా? ఎద్దయితే అలుపొస్తే కూలబడతాది, నేను సూస్తా. ఇది చెప్పదు. నోరు లేని దానికి మనమే ఒక పొద్దు పెట్టల్ల."

మాబాషా అన్న మాత్రం గొంతుకూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"అప్పా, మా నాయన ఎద్దుల గిట్టలకు నాలాలు కొట్టేటోడు. సైకిల్ మీద మీ ఊరికీ వచ్చేటోడు. నీకి గ్యాపకముండాదా?"

"హుసేనప్ప కొడుకువా నువ్వు?" తాత ముఖం విప్పారింది. "లేకేం! మా జత కాళ్ళన్నీ ఆయప్ప చేతిలోవే."

"ఏ వారం వచ్చేటోడు?"

"సోమారం."

"సోమారమే ఎందుకు?"

"ఆ పొద్దే గదా ఎద్దులు ఇంటికాడుండేది."

"ఎద్దును పడేసి, కాళ్ళు కట్టేసి, గిట్టకు మేకులు దిగ్గొడ్తాంటే కొమ్ములు పట్టుకునింది ఎవరు? నువ్వే గదా? తప్పనిపించల్యా?"

"అది పనేందప్పా? దాని కాళ్ళు బాగుండాలనే గదా."

మాబాషా అన్న చేతిలోని స్పానర్ చూపించాడు. "మరి ఇదేంది?"

సుంకులమ్మ చాట కింద పెట్టి పకపకా నవ్వింది. "ఇంగేం, పో, కొమ్ములు పట్టుకో పో!"

తాత ఒక షరతు పెట్టాడు. కాడి ఉండకూడదు, గుంటక ఊడదీయాలి. ఇద్దరూ కలిసి పిన్నులు లాగి గుంటకను పక్కకు జరిపారు. తాతే ఎక్కి కూర్చుని, తాళం సగం తిప్పి, లోలోపల పది లెక్కపెట్టి స్టార్ట్ చేశాడు. లిఫ్ట్ లివర్ లాగితే చేతులు కదల్లేదు. లోపల సన్నగా ఈలలాంటి చప్పుడు. పంపు పోయిందనే అనుకున్నాను. మాబాషా అన్న సీటు కింద చెవి పెట్టి విన్నాడు.

"చచ్చిన పంపు ఇట్ల కూయదు పాపా. ఆయిల్ అందక ఏడుస్తాంది."

ఇంజన్ ఆపి, ఆయిల్ డబ్బాల్లోకి దించి, స్ట్రైనర్ బయటికి తీశాడు. పంపుకు పోయే ఆయిల్‌ను వడగట్టే జల్లెడ అది. దాని మీద బూడిదరంగు బురద గట్టిగా పట్టుకుని ఉంది. వేలితో గీరితే ఇనుప పొడి మెరిసింది. "ఫస్ట్ సర్వీస్‌లో పోవాల్సిన మురికి" అన్నాడు, నావైపు చూడకుండా.

చెప్పకుండా ఉండలేకపోయాను. "తాతా, తప్పు నాది. మీకు ఇష్టం లేదని కార్డులో రాసేశాను."

"ఇష్టం ల్యాకుంటే నేను మంగళారం వస్తానంటానా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "కదల్దంటే, ఎందుకు కదల్దు తాతా అని ఒగ మాట అడిగింటే చెప్పుందును గదా."

స్ట్రైనర్ డీజిల్‌తో కడిగి బిగించి, కొత్త ఆయిల్ పోసేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి ఈల లేదు. లివర్ లాగగానే మూడు చేతులూ మెల్లగా పైకి లేచాయి. కానీ అవి ఉత్త చేతులు. గుంటక బరువుతో లేస్తేనే పంపు బాగున్నట్టు. "చేనికి తీసుకుపో, తెలిసిపోతాది. ఇంకా పొద్దుండాది" అన్నాడు మాబాషా అన్న. సుంకులమ్మ కూడా అదే అంది. తాత గోనెపట్ట తెచ్చి ఇంజన్ మీద కప్పాడు.

"రేపు" అన్నాడు.

మంగళవారం తొమ్మిదికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పదికి చేశాను, ఎత్తలేదు. మేనేజర్ రెండుసార్లు వచ్చి చూసి పోయాడు. పదకొండు దాటాక ఆయనే చేశాడు. వెనక ఇంజన్ చప్పుడు.

"తాతా, లేస్తోందా?"

"లేయకుంటే చేలో ఏం చేస్తాంటా పాపా? రెండెకరాలాయ. మాపటికి ఇంగొకటైతాది. నెర్రెలు పూడుతాండాయి." ఇంజన్ ఆపి అడిగాడు. "ఆ కాగితంలో ఏం రాసినావు ఇప్పుడు?"

ఇంకా ఏమీ రాయలేదు. ఆయన లైన్లో ఉండగానే కార్డు తీసి, పాత మాటలు కొట్టేసి, తెలుగులో రాసి చదివి వినిపించాను. "సోమవారం బండి ఇంటి దగ్గరే ఉంటుంది. మనమే వెళ్ళాలి."

"అట్ల రాయి" అని పెట్టేశాడు.

ఇంగ్లీషు కార్డులో తెలుగు ఏమిటని మేనేజర్ అడిగాడు, చెప్పాను. ఆ చలికాలంలోనే ఆళ్లగడ్డ షెడ్డు పద్ధతి మారింది. సోమవారాలు మాబాషా అన్న తన నాయన లాగే ఊరూరూ తిరిగాడు, సైకిల్ బదులు ఆటో. రావడానికి మొండికేశారని నేను రాసిపెట్టిన పెద్దవాళ్ళందరి బండ్లూ ఆ రోజు ఇళ్ళ దగ్గరే దొరికాయి.

ఆ తర్వాత ప్రసూతి సెలవు పెట్టేదాకా ఏ రైతుకు ఫోన్ చేసినా, ఎప్పుడు వస్తారని అడిగే ముందు ఏ రోజు కుదరదని అడిగేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నం వద్దనేవారు కొందరు, అమావాస్య వద్దనేవారు కొందరు. ఒకాయన బుధవారం ఎందుకు వద్దో పావుగంట చెప్పాడు, పావుగంటా విన్నాను. కుదరదన్న మనిషిని ఎందుకని అడగడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మిగుల్చుకోబోయి నేను ఐదెకరాల శనగను ఎండగట్టబోయాను.