కళ్ళు రెండూ వదిలేసి

భీమిలి బస్సులో నా పక్కన కూర్చున్నావిడ రిటైరైన టీచరు. మా అమ్మాయి క్లాసులో నోరు విప్పడం లేదని, పై తరగతికి పంపడం కష్టమని, వచ్చి కలవమని మాస్టారు కబురు పెట్టారని ఆమెతో చెప్పాను.

"ఎల్లి ఏటి సెప్తావు బాబూ?"

గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలు చదివినా నాకు తోచింది అందరూ అనే మాటే. "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి అంటానమ్మా."

"భలేవోడివే! ఆ మాటిన్నాక మా టీచర్లకింకేటి అడగాలనిపిస్తాది? పిల్ల ఇంటికాడ ఏటి సేత్తాదో సెప్పు."

బడికి వెళ్ళి, నేను గ్రంథాలయం నుంచి తెచ్చే సముద్రయాత్రల పుస్తకాలు ఇంట్లో మా అమ్మాయి తన నానమ్మకు గొంతెత్తి చదువుతుందని మాస్టారికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి కుర్చీ చూపించారు. "కూర్చోండి. మా దగ్గర ఆ పిల్ల గొంతే వినలేదండీ!"

మర్నాడు క్లాసులో మా అమ్మాయి చేత ఒక పేజీ చదివించారట. "నాన్నా, మిగతాది రేపు చదవమన్నారు" అంది అమ్మాయి.

ఆ టీచరమ్మ పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.