మా అమ్మాయి పేరు కంటే ముందు వచ్చిన మాట

ఆ ఆదివారం పొద్దున లైవ్ మొదలుపెట్టినప్పుడు నాకు ఒంట్లో ఏ తేడా తెలియలేదు. తల కొంచెం బరువుగా ఉంది, అంతే. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు తల బరువును జబ్బుగా లెక్కించరు.

నేను పటాన్‌చెరు దగ్గర ఒక మాత్రల కంపెనీలో కెమిస్ట్‌ను. తయారైన మాత్రలో మందు ఉండవలసినంత ఉందో లేదో ల్యాబులో తేల్చడం నా పని. మాది ఆ పక్కనే చిట్కుల్. ఎమ్మెస్సీ చదివి వచ్చాను గానీ, మాత్రలో మందెంతో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ ముందు మొదటిసారి నిలబెట్టినప్పుడు ఏ బటన్ నొక్కాలో తెలియలేదు. సీనియర్లకు చెప్పే తీరిక ఉండేది కాదు. నాకు వచ్చిన పనంతా ఫోనులో నేర్చుకున్నదే. ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళు పెట్టిన వీడియోలు, కెమిస్టుల గ్రూపుల్లో వచ్చే ప్రశ్నలు, వాటికి పెద్ద కంపెనీల వాళ్ళు ఓపిగ్గా రాసే జవాబులు నన్ను నిలబెట్టాయి. అవన్నీ ఇంగ్లిషులో ఉండేవి. తెలుగు మీడియంలో చదివి ఇంటర్వ్యూల్లో బిక్కచచ్చిపోయే పిల్లల కోసం అదే పాఠాన్ని తెలుగులో చెబుదామని నేనూ ఒక చిన్న ఛానెల్ పెట్టాను. ఆదివారాలు లైవ్‌లో చెప్పేదాన్ని.

ఆ రోజు పాఠం కాలమ్ గురించి. కాలమ్ అంటే ఆ మిషన్‌లో ఉండే సన్నటి స్టీలు గొట్టం. ద్రావణంలో కలిసి ఉన్న పదార్థాలను విడదీసేది అదే. నేను దాన్ని చేత్తో పట్టుకుని చూపిస్తూ "కిటికీ" అన్నానట. తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయట. నా చెవికి మాత్రం నేను సరిగ్గానే మాట్లాడుతున్నాను. కింద కామెంట్లు వస్తున్నాయి. మేడమ్ ఆడియో పోయింది అని ఒకరు, నిద్ర లేవలేదా మేడమ్ అని ఒకరు, నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళు కొందరు. చదవబోతే అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ మాటలు కావడం లేదు. సిగ్నల్ బాగాలేదేమో అనుకున్నాను.

అప్పుడు మా ఆయన రవీందర్ ఫోను మోగింది. చేసింది ఫర్జానా. రుద్రారంలో హాస్టల్లో ఉండి ఎం.ఫార్మసీ చదివే అమ్మాయి. నా పాఠాలు వింటూ పరిచయమైంది. ఒకసారి మా ఇంటికి దారి అడగడానికి రవీందర్‌కు ఫోన్ చేసింది, ఆ నంబర్ ఆమె దగ్గర ఉంది.

"అన్నా, మేడమ్‌ను జెర సూడుండ్రి. మాటలు కలుస్తలేవు. మా దాదీకి గిట్లనే అయింది. జల్దీ పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి," అంది.

రవీందర్ వచ్చి నా ముందు కూర్చున్నాడు. "ఏమైంది?" అన్నాడు. నేను చెప్పాననుకున్నాను. అతని ముఖం మారిపోయింది.

అయినా మేము పెద్ద దవాఖానకు పోలేదు. అత్తమ్మ నీరసం అంది. వీధి చివర క్లినిక్కులో బీపీ చూసి, "జెర ఎక్కువున్నది, గ్లూకోజ్ పెడ్త, పండుకుంటే సర్దుకుంటది," అన్నారు. పడుకున్నాను. లేచేసరికి కుడిచెయ్యి నాది కానట్టు పక్కన పడి ఉంది. అప్పుడు బండి మాట్లాడారు. ముత్తంగి దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, హైవే మీద ఆసుపత్రి చేరేసరికి సాయంత్రం అయింది.

సీటీ స్కాన్ తీశారు. ఎమర్జెన్సీలో డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న, "ఎప్పుడు మొదలైంది? చివరిసారి మామూలుగా ఎప్పుడున్నది?" రవీందర్ ఫోను తీశాడు. ఫర్జానాకు ఫోన్ చేస్తే లైవ్ మొదలైన టైము, మాట తప్పిన టైము ఆమె చెప్పింది. డాక్టర్ తల అడ్డంగా ఊపారు.

"ఇది స్ట్రోక్. ఎడమవైపు మెదడుకు రక్తం అందలేదు. నాలుగున్నర గంటల లోపు వస్తే క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు ఇయ్యలేం."

ఆ మాట నాకు అర్థమైంది. అర్థమైందని చెప్పడానికి నోరు తెరిస్తే, "అదే, అదే," అని వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం నా నోట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. నీళ్ళు కావాలన్నా అదే, నొప్పి అన్నా అదే, భయం అన్నా అదే.

ఎమ్మారై, ఎకో, మెడ రక్తనాళాలకు డాప్లర్ చేశారు. కారణం బీపీ అన్నారు. "ఎప్పుడన్నా చెక్ చేయించుకున్నరా?" అని అడిగితే రవీందర్ నా వైపు చూశాడు. రోజూ కంపెనీలో మందుల మధ్య తిరిగేదాన్ని, నా బీపీ ఎంతో నాకు తెలియదు. మాట పోవడాన్ని అఫేజియా అంటారని చెప్పారు. తెలివి పోలేదు, మాటలు ఉన్నచోటే ఉన్నాయి, వాటి దగ్గరకు వెళ్ళే దారి దెబ్బతింది అన్నారు. చెయ్యి ఫిజియోథెరపీతో వస్తుందన్నారు. మాట సంగతి గట్టిగా చెప్పలేదు.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. చూడడానికి వచ్చినవాళ్ళందరికీ అత్తమ్మ ఒకటే చెప్పేది. "గా ఫోనే తిన్నది నా కోడల్ని. డ్యూటీ చేసొచ్చి మల్ల గా ఫోను ముందల కూసునుడు. తలకాయ ఖరాబు గాక ఏమైతది." నా ఫోనును బీరువాలో పెట్టి తాళం వేసింది. ప్రేమతోనే వేసింది. ఫోను వల్ల రాలేదని డాక్టర్ చెప్పారని రవీందర్ అన్నా ఆమె వినలేదు. నిద్ర తక్కువై బీపీ పెరిగిందేమో, ఆ నిద్ర తిన్నది ఆ చదువేనేమో అని నాకూ లోపల అనుమానమే. వాదించడానికి నా దగ్గర మాట లేదు.

ఇంతలో ఆ లైవ్‌లో ముక్కను ఎవరో కత్తిరించి పంచారు. పొద్దున్నే తాగి పాఠం చెబుతున్న మేడమ్ అని పైన రాశారు. అది మా కంపెనీ వాళ్ళ గ్రూపులోకి వచ్చింది. మా అమ్మాయి మేఘన ఎనిమిదో తరగతి. బడిలో ఒక పిల్ల దాన్ని చూపించి, "మీ అమ్మనేనా?" అని అడిగిందట. మేఘన ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. పిలవాలి. పిలిస్తే చాలు, తిరిగి చూస్తుంది. పేరు రాలేదు.

"అదే," అన్నాను.

"నా పేరు అదే కాదమ్మా," అంది, ఇటు తిరగకుండానే.

ఆ రోజు నుంచి నేను తినడం తగ్గించాను. స్పీచ్ థెరపీకి రానని తల ఊపేదాన్ని. రవీందర్ బతిమాలి, ఒకసారి కోప్పడి, చివరకు మళ్ళీ న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్ళాడు. "ఇది పోస్ట్ స్ట్రోక్ డిప్రెషన్. మొండితనం కాదు. ఇది కూడా జబ్బే, మందుంది," అన్నారాయన. ఆ మాట విని రవీందర్ అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. నేను అతన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు.

మాత్ర పనిచేయడం మొదలైన రోజుల్లో ఫర్జానా బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. పరామర్శకు వచ్చేవాళ్ళలాగా ముఖం పెట్టలేదు. నా పక్కన కూర్చుని తన ఫోను తెరిచింది.

"మేడమ్, నాకు ఇంటర్వ్యూ ఉన్నది. మీరు చెప్పిన పాఠం సగంల ఆగిపోయింది. మిగిలింది ఎవలు చెప్తరు?"

అత్తమ్మ వంటింట్లోంచి చూస్తోంది. ఫర్జానా ఫోనులో ఒక ఫొటో చూపించి, "ఇదేంది?" అంది. సన్నటి స్టీలు గొట్టం. నా నోరు దానంతట అదే కదిలింది.

"కాలమ్."

ఫర్జానా ఇంకో ఫొటో చూపించింది. "పంపు," అన్నాను. ఇంకొకటి. "డిటె... డిటెక్టర్." రవీందర్ నవ్వుతున్నాడు. గుమ్మంలో నిలబడ్డ మేఘన నవ్వలేదు.

"కాలమ్ వచ్చింది. నా పేరు రాలే," అంది. చెప్పులు వేసుకుని బయటకు పోయింది.

ఆ వారం స్పీచ్ థెరపీకి మేఘనను కూడా తీసుకుని వెళ్ళాం. థెరపిస్టు సునీతగారు దాన్ని కూర్చోబెట్టి మాట్లాడారు. "గొట్టాన్ని చూస్తే దాని పని గుర్తొస్తది, పనితోని పేరు కూడా వస్తది. మనిషి పేరు గట్ల గాదమ్మా. నిన్ను చూస్తే మీ అమ్మకు నువ్వు పుట్టిన కాన్నుంచి అంతా గుర్తొస్తది. పేరు మాత్రం విడిగా ఎతుక్కోవాలె. అందరు పేషెంట్లకు పేర్లే ఆఖరుకు వస్తయి." తిరుగు దారిలో ఆటోలో మేఘన నా కుడిచెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుంది.

సునీతగారే అత్తమ్మతో మాట్లాడి నా ఫోను బీరువాలోంచి బయటకు తెప్పించారు. "ఆమెకు వచ్చిన పనిలోంచే మాట తీసుకరావాలె. దినాం అర్ధగంట, మీరు పక్కన కూసోండ్రి," అన్నారు. అత్తమ్మ నిజంగానే పక్కన కూర్చునేది, చిక్కుడుకాయలు వలుచుకుంటూ. ఫర్జానా, ఆమె స్నేహితురాళ్ళు కొందరు కలిసి చిన్న గ్రూపు పెట్టారు. ప్రశ్న ఒకటి పంపేవారు. నేను గొంతు రికార్డు చేసి జవాబు పంపాలి. నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ చెప్పొచ్చు. ఎదుట మనిషి ఉంటే వాళ్ళ ముఖం చూసి నాకు మాట ఆగిపోయేది. ఫోను ముందు ఆ భయం లేదు. మొదట్లో ఒక్కో మాట పంపడానికి పూటంతా పట్టేది. వాళ్ళు ఎవరూ తొందర పెట్టలేదు. ఆ గ్రూపులో ఇద్దరు తీసి పంపిన వీడియోలు చూసి, ఫోనులో పాఠాలను స్పీడు తగ్గించి మెల్లగా వినడం నేర్చుకున్నాను. కంపెనీలో చేరిన కొత్తలో నేర్చుకున్నవన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను.

మంచి జరుగుతోంది అనుకునేలోపు ఒక మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ అడ్మిషన్, మళ్ళీ స్కాన్. కొత్త స్ట్రోక్ కాదు, పాత దెబ్బ దగ్గర మచ్చ వల్ల అన్నారు. ఫిట్స్ మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలకు మత్తు వచ్చేది. సంపాదించుకున్న మాటల్లో సగం జారిపోయాయి. మళ్ళీ కూడగట్టుకోవలసి వచ్చింది.

పేరు వచ్చిన రోజు విశేషమేమీ లేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నేను బియ్యం కడుగుతున్నాను. "మేఘనా, పాలు," అన్నాను. అది పరిగెత్తుకొచ్చింది. స్టవ్ ఆపకుండా నా ముందు నిలబడింది.

"మల్లొకసారి అను."

ప్రయత్నించాను. రాలేదు. పాలు గట్టు మీదంతా కారిపోయాయి. ఇద్దరం గుడ్డ పట్టుకుని తుడిచాం. మళ్ళీ ఆ పేరు రావడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు పిలిస్తే వస్తుంది. అలసిపోయినప్పుడు మాత్రం మా చెల్లెలి పేరు వస్తుంది, మేఘన దానికీ పలుకుతుంది.

డ్యూటీలో చేరాను గానీ పాత బెంచికి కాదు. మా మేనేజర్ నిజాయితీగానే చెప్పాడు. "శ్రీలతగారూ, ఒక్క అంకె అటు ఇటైతే తప్పు మాత్ర పేషెంటుకు పోతది. మీకు తెల్వంది కాదు." నాకు తెలుసు. ఒకటికి ఏడు చదివే రోజులు నాకు ఇంకా ఉన్నాయి. శాంపిళ్ళు వచ్చే గదిలో లేబుళ్ళు సరిచూసే పని ఇచ్చారు. గాజు తలుపు అవతల నా మిషన్ మీద వేరొకరు పనిచేస్తుంటారు. అటు చూడకుండా ఉండడం ఇంకా చేతకాలేదు.

ఫర్జానాకు ఆ ఇంటర్వ్యూలో ఉద్యోగం రాలేదు. తర్వాత ఇంకోచోట వచ్చింది. ఛానెల్ తీసెయ్యమని రవీందర్ అన్నాడు, నేను తియ్యలేదు. లైవ్‌లు మానేశాను. చిన్న వీడియోలు చేస్తున్నాను. మాట ఆగినచోట ఆగుతాను, ఆ ఖాళీని కత్తిరించను. కొందరు మధ్యలో వెళ్ళిపోతారు. కామెంట్లు మొదట మేఘన చదివి, చదవదగ్గవి నాకు వినిపిస్తుంది. బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర, ఫిట్స్ మాత్ర తప్పకుండా వేసుకుంటాను. మళ్ళీ స్ట్రోక్ వస్తుందేమోనన్న భయం పోలేదు. పొద్దున లేవగానే ముందు నా పేరు నేను చెప్పుకుని చూసుకుంటాను.

నాలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకు ఒక్క సంగతి చెబుతాను. మాట కోసం వెతుక్కుంటున్నవాళ్ళకు మీరు మాట అందించకండి. కాసేపు ఆగండి. అది చాలా కష్టమని నాకు తెలుసు. మొన్న రవీందర్ డ్యూటీ నుంచి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. నేను ఏదో అడగబోయి ఆగాను. "నీళ్ళా? మాత్రనా? టీ పెట్టాల్నా?" అని అతను వరసగా అడిగాడు. పాపం తొందరలో ఉన్నాడు. నేను టీకి తల ఊపాను. పెట్టి తెచ్చాడు, తాగాను. నేను అడగాలనుకున్నది, "నువ్వు తిన్నవా?" అని.