గఫార్ ముక్కు మీది గీత

స్టేషన్ ఘన్‌పూర్‌లో పెళ్లి గుర్రం నడిపే గఫార్ ముక్కు మీద ఎప్పుడూ తాడు ఒరిసిన ఎర్రటి గీత ఉండేది. తన గుర్రం రేష్మా నోట్లో ఆయన ఇనుప కళ్లెం పెట్టేవాడు కాదు. నూలుతాడును నానబెట్టి, మెత్తబడేదాకా నలిపి, మూతి చుట్టూ తిప్పి చెవుల వెనక ముడి వేసేవాడు. తాడుకీ ముక్కెముకకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. అప్పటికీ నమ్మకం కుదరక, ముందుగా ఆ తాడును తన మొహానికే కట్టుకుని, కొసను భార్య హసన్ బీ చేతికిచ్చి "జర గుంజు" అనేవాడు. "నీకు గడ్డి గూడ ఎయ్యాల్నా?" అంటూనే ఆమె గుంజేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగే రోజుల్లో, ఊరేగింపులో గుర్రమెక్కుతానని పెద్ద రైతు జగపతి వచ్చాడు. "పటాకులు కాలుస్తరు గఫార్ భాయ్, తాడుకు ఆగది. కళ్లెం పెట్టు." గఫార్ రేష్మా పెదవి ఎత్తి, పాత యజమాని కళ్లెం కోసిన మచ్చ చూపించాడు. "ఇయ్యాల తాడుకు ఆగకుంటే, రేపు నువ్వే కళ్లెం పెట్టు పటేలా." చౌరస్తాలో పటాకులు పేలగానే రేష్మా ముంగాళ్లు లేపింది. "గుంజు, గుంజు!" అని పైనుంచి జగపతి అరిచాడు. గఫార్ గుంజలేదు. తాడు వదులు చేసి, గుర్రం మెడకు భుజం ఆనించి నిలబడ్డాడు. వణుకుతూనే అది కాళ్లు దించింది. జగపతి మెల్లగా దిగి, మిగతా దారంతా నడిచాడు. కళ్లెం మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం తాడు విప్పి హసన్ బీ రేష్మా మూతిని తడిమింది. ఎక్కడా గీత లేదు. కొబ్బరినూనె తెచ్చి మొగుడి ముక్కుకు రాసింది.