మొండికేసిన లేబుల్ మిషన్

గురజాలలో మా ఇంటి ముందుగదిలో అత్తయ్యా నేనూ చెక్కలూ జంతికలూ చేసి నరసరావుపేటలోని ఒక దుకాణానికి పంపుతుంటాం. పేరూ తయారైన తేదీ ఉన్న లేబుల్ లేకపోతే వాళ్ళు ప్యాకెట్ తీసుకోరు. అందుకే ఒక లేబుల్ ప్రింటర్ కొన్నాం.

ఆ రోజు పొద్దున్నే దానికి కొత్త లేబుళ్ళ చుట్ట ఎక్కించి ఆన్ చేస్తే, చిన్న తెర మీద ‘కవర్ ఓపెన్’ అని పడింది.

“ఏందే, ఏమంటది?” అంది అత్తయ్య.

“మూత తెరిచి ఉందంట అత్తయ్యా.”

“ఏసే ఉందిగా! కళ్ళు కనపడవా దానికి?”

మిషన్ అమ్మినాయనకు ఫోన్ చేశాను. “గుంటూరు తీసుకురండమ్మా, వారం పట్టుద్ది” అన్నాడు. మాకేమో సరుకు మధ్యాహ్నం బస్సుకు వెయ్యాలి.

“పోనీలే, చేత్తో రాసి అంటిద్దాం” అంది అత్తయ్య.

నాకు రోషం వచ్చింది. మిషన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మూత ఎత్తి చూస్తే చుట్ట ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని మీద మూత సరిగ్గా కూర్చోలేదు. చుట్ట సర్ది రెండు వైపులా నొక్కితే టక్కుమంది. ఆ మాట పోయింది. వెంటనే ‘పేపర్ అవుట్’ అని ఇంకొకటి వచ్చింది.

“నిండు చుట్ట పెట్టుకుని కాయితం లేదంటదేందే! చానా పొగరు దీనికి” అంది అత్తయ్య, మూకుడు దగ్గర నుంచే.

ఫోన్ టార్చ్ వేసి లోపల వెతికాను. కాగితం నడిచే దారి కింద, దాన్ని కనిపెట్టే గాజుకన్నులాంటిది ఒకటి ఉంది. దాని నిండా బియ్యప్పిండి. మేము పిండి కలిపేది ఆ గదిలోనే మరి. మిషన్ ఆపి, మెత్తటి గుడ్డకు కాస్త స్పిరిట్ అద్ది తుడిచాను. ఆరాక ఆన్ చేస్తే ఆ గోల కూడా పోయింది. కానీ అచ్చు సగం ఒక లేబుల్ మీద, సగం తర్వాతి దాని మీద పడింది.

అప్పుడు తట్టింది. ఈసారి తెచ్చిన చుట్టలో లేబుళ్ళు పొట్టివి. పాత కొలతే మిషన్‌కు గుర్తుంది. దాంతో వచ్చిన పుస్తకం తిరగేస్తే, లైటు మిణుకుమనేదాకా బటన్ నొక్కి పట్టుకోమని ఉంది. పట్టుకున్నాను. ఖాళీ లేబుళ్ళు కొన్ని బయటికి వచ్చి ఆగాయి. కొత్త కొలత తీసుకుందన్నమాట. ఫోన్‌లో కూడా సైజు మార్చి ప్రింట్ కొట్టాను. పేరూ తేదీ ముత్యాల్లా, అంచులు తప్పకుండా వచ్చాయి!

“అత్తయ్యా, వచ్చేసింది!” అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

అత్తయ్య చిల్లులగరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. చెయ్యి తుడుచుకుని మొదటి లేబుల్ తనే ప్యాకెట్‌కు అంటించి, బొటనవేలితో సాపు చేసి, కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నం బస్సుకు అట్టపెట్టెలన్నీ ఎక్కాయి.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. పక్కింటి పిన్నిని వెంటబెట్టుకుని అత్తయ్య లోపలికి వచ్చింది. పిన్ని చేతిలో తిరగడం మానేసిన మిక్సీ ఉంది.

“గుంటూరు పోయే పనిలేదు, మా కోడలు చూస్తది” అంటోంది అత్తయ్య.

మిక్సీల గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. అయినా స్క్రూడ్రైవర్ కోసం లేచాను.